ఆర్మ్ బోర్డు మీద ఎమ్‌మ్యాప్: ఒక లైన్ పెడితే బస్ ఎర్రర్, తీసేస్తే బోర్డే పడిపోతోంది

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. 64-బిట్ ఆర్మ్ బోర్డు, లినక్స్. పక్కన ఒక ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే మార్చుకోగల చిప్), దాని రిజిస్టర్లు, అంటే దాన్ని నడిపే చిన్న మెమరీ గదులు, 64 కేబీ మేర ప్రాసెసర్ అడ్రస్‌లలో కనిపిస్తాయి. మీ టీమ్‌లో ఎవరో చిన్న క్యారెక్టర్ డ్రైవర్ (డివైస్‌ని ఒక ఫైల్‌లా చూపించే కెర్నెల్ కోడ్) రాసి, ఎమ్‌మ్యాప్ (డివైస్ అడ్రస్‌లను ప్రోగ్రామ్ మెమరీలో భాగంగా చూపించే కాల్) ద్వారా ఆ ప్రాంతాన్ని నేరుగా యూజర్ ప్రోగ్రామ్ చేతికి ఇచ్చేశారు. మ్యాపింగ్‌ని నాన్‌క్యాష్డ్‌గా (ప్రాసెసర్ తన దగ్గర కాపీ ఉంచుకోకుండా) పెడితే రోజుకు ఒకటి రెండుసార్లు ప్రోగ్రామ్ బస్ ఎర్రర్‌తో చస్తోంది. ఆ లైన్ తీసేస్తే బస్ ఎర్రర్ పోయింది గానీ, ఎప్పుడో ఒకప్పుడు బోర్డు మొత్తం ఎస్‌ఎర్రర్ (డివైస్ వైపు నుంచి ఆలస్యంగా వచ్చే ఎర్రర్) పానిక్‌తో పడిపోతోంది. లాగ్‌లో ప్రతిసారీ వేరే ప్రాసెస్ పేరు. ఇదే కోడ్ మీ డెస్క్‌టాప్‌లో పీసీఐఈ కార్డుతో నెలల తరబడి నడిచింది. ఇది చాలదన్నట్టు కస్టమర్ తరఫు సెక్యూరిటీ ఆడిట్ వాళ్లు "అన్‌సేఫ్ డివైస్ మెమరీ మ్యాపింగ్" అని ఒక్క లైన్ రాసి పంపారు. ఈ రెండూ ఒకటే సమస్యా అని అడిగారు.

ఒకటి కాదు. మీ డ్రైవర్‌లోని ఒకే ఐదు లైన్ల ఎమ్‌మ్యాప్ ఫంక్షన్‌లో కాపురం ఉంటున్నాయి, అంతే. బోర్డు పడిపోతున్నది ఆ మెమరీ ఎలాంటిదో ప్రాసెసర్‌కి తప్పు చెప్పడం వల్ల. ఆడిట్ వాళ్లు పట్టుకున్నది హద్దులు చూడకపోవడం. ఇంకొకటి కూడా ఉందని నా అనుమానం, దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు బోర్డు.

తీసేసిన ఆ నాన్‌క్యాష్డ్ లైన్ ఇవాళే మళ్లీ పెట్టేయండి. బస్ ఎర్రర్ తిరిగి వస్తుంది, రానివ్వండి. అది కనీసం తప్పు జరిగిన చోటే ఆగి చూపిస్తుంది. ఎస్‌ఎర్రర్‌కి ఆ మర్యాద లేదు.

ఆ లైన్ లేకపోతే ఏమవుతోందంటే, పేజీ ప్రొటెక్షన్‌ని (ఆ మెమరీ పేజీ ఎలాంటిదో చెప్పే గుర్తులు) ముట్టుకోకుండా, మ్యాపింగ్ చేసే కెర్నెల్ ఫంక్షన్ రీమ్యాప్-పీఎఫ్‌ఎన్-రేంజ్‌కి ఇస్తే ఆర్మ్64 ఆ పేజీలను మామూలు ర్యామ్ అనుకుని, క్యాష్ అయ్యే మెమరీగా మ్యాప్ చేస్తుంది. ఇక మీరు ఒక రిజిస్టర్‌లో నాలుగు బైట్లు రాశారనుకోండి. అవి ఎఫ్‌పీజీఏకి వెళ్లవు. ప్రాసెసర్ ముందు ఆ చుట్టుపక్కల క్యాష్ లైన్ మొత్తం, సాధారణంగా 64 బైట్లు, అంటే పదహారు రిజిస్టర్లు, ఒక్క గుక్కలో చదివి క్యాష్‌లో పెట్టుకుంటుంది. అందులో చదివితే క్లియర్ అయ్యే స్టేటస్ రిజిస్టర్ ఉంటే అది అక్కడే క్లియర్ అయిపోయింది. ఫైఫో (వచ్చిన వరుసలోనే డేటా బయటికిచ్చే క్యూ) ఉంటే ఒక డేటా ముక్క గాల్లో కలిసింది. తర్వాత ఎప్పుడో, క్యాష్‌లో చోటు అవసరమైనప్పుడు, ఆ 64 బైట్లనూ తిరిగి ఎఫ్‌పీజీఏ మీదికి తోస్తుంది. అంటే మీరు ముట్టుకోని పదిహేను రిజిస్టర్లలోకి కూడా పాత విలువలు వెళ్లి కూర్చుంటాయి. మధ్యలో ఖాళీ అడ్రస్ ఉన్నా, రాయకూడని రిజిస్టర్ ఉన్నా ఎఫ్‌పీజీఏ వైపు నుంచి ఎర్రర్ జవాబు వస్తుంది. అదే మీ ఎస్‌ఎర్రర్.

లాగ్‌లో రోజుకో పేరు కనిపించడానికి కారణం కూడా ఇదే. తప్పు అడ్రస్ రాసి పోస్ట్ చేసిన పార్సెల్ నాలుగు రోజుల తర్వాత తిరుగుటపాలో వస్తే, ఆ టైముకి ఇంట్లో ఎవరుంటే వాళ్లే సంతకం పెట్టాలి. ఎర్రర్ తిరిగొచ్చిన క్షణంలో ఆ కోర్ మీద ఎస్‌ఎస్‌హెచ్ నడుస్తుంటే లాగ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ పేరు, లాగర్ నడుస్తుంటే లాగర్ పేరు. మీరు స్టాక్ ట్రేస్‌లు పోగేసి వాటిలో పోలికలు వెతుకుతున్నానన్నారు. ఎస్‌ఎర్రర్ విషయంలో ఆ పని మానేయండి. అక్కడ దొరికేది సంతకం పెట్టినవాడి పేరే.

డెస్క్‌టాప్‌లో ఎందుకు నడిచింది? ఎక్స్86లో (పీసీల ప్రాసెసర్ కుటుంబం) బయాస్ బూట్ టైమ్‌లోనే ఎంటీఆర్‌ఆర్ అనే ప్రాసెసర్ రిజిస్టర్ల ద్వారా పీసీఐ అడ్రస్‌ల ప్రాంతాన్ని క్యాష్ చేయొద్దని గీత గీసి పెడుతుంది. మీ పేజీ టేబుల్ (ఏ పేజీ ఎక్కడుందో, ఎలాంటిదో రాసుకునే పట్టిక) "క్యాష్ చేసుకో" అన్నా ఆ గీతదే పైచేయి. అంటే మీ తప్పు అక్కడా ఉంది, వేరేవాళ్లు కప్పిపుచ్చారు. ఆర్మ్‌లో ఆ పెద్దమనిషి లేడు, పేజీ టేబుల్‌లో మీరేం రాస్తే అదే చట్టం. ఈ ఐదు లైన్ల ఎమ్‌మ్యాప్ ఫంక్షన్ నాకు బాగా పరిచయం. అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లో జిరాక్స్ నోట్స్ పట్టుకుని తిరిగిన రోజుల్లో నేనూ దాన్నే కాపీ కొట్టాను. పీసీ మీద నేర్పడానికి రాసిన కోడ్ అది, ప్రొడక్ట్‌లోకి వచ్చి కూర్చుంటుందని దాన్ని రాసినవాళ్లు కూడా అనుకుని ఉండరు.

ఇక బస్ ఎర్రర్. నాన్‌క్యాష్డ్ అంటే ఆర్మ్64లో ఆ పేజీలు డివైస్ మెమరీ అవుతాయి. డివైస్ మెమరీకి ఒక కఠినమైన నియమం ఉంది: అలైన్‌మెంట్ తప్పితే ఒప్పుకోదు. మామూలు ర్యామ్‌లో ఎనిమిది బైట్ల రీడ్ ఏ అడ్రస్ నుంచైనా చేయొచ్చు, డివైస్ మెమరీలో ఎనిమిదితో భాగించబడే అడ్రస్ నుంచే చేయాలి. మీరు కోడ్‌లో జాగ్రత్తగానే ఉన్నారు, కానీ మధ్యలో మెమ్‌కాపీ (బైట్లు కాపీ చేసే సీ ఫంక్షన్) ఉంది. లినక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీలోని మెమ్‌కాపీ వేగం కోసం ఒక చమత్కారం చేస్తుంది. 13 బైట్లు కాపీ చేయమంటే ఎనిమిది, నాలుగు, ఒకటి అని ముక్కలు చేయదు. 0 నుంచి 7 వరకు ఒక ఎనిమిది బైట్లు, తర్వాత చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టి 5 నుంచి 12 వరకు ఇంకో ఎనిమిది బైట్లు. మధ్యలో మూడు బైట్లు రెండుసార్లు కాపీ అవుతాయి, ర్యామ్‌లో అయితే నష్టం లేదు. కానీ ఆ రెండో యాక్సెస్ 5వ బైట్ దగ్గర మొదలైంది చూశారా, అక్కడే ప్రోగ్రామ్ చచ్చింది. 16 బైట్లకీ 32 బైట్లకీ లెక్క సరిపోతుంది కాబట్టి గొడవ రాదు. మీ ప్రోటోకాల్‌లో రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే వెళ్లే ఏదో మెసేజ్ పొడవు ఇలా బేసిగా ఉండి ఉంటుంది. కోర్ డంప్ (చచ్చిన క్షణంలోని ప్రోగ్రామ్ మెమరీ కాపీ) తెరిచి ప్రోగ్రామ్ కౌంటర్ మెమ్‌కాపీలో ఉందో లేదో, సిగ్నల్ కోడ్ అలైన్‌మెంట్‌దో కాదో చూడండి, ఐదు నిమిషాల పని.

మెమ్‌సెట్ ఇంకా మొండిది. కాస్త పెద్ద ప్రాంతాన్ని సున్నా చేయమంటే అది డీసీ-జెడ్‌వీఏ అనే ఇన్‌స్ట్రక్షన్ వాడుతుంది, డివైస్ మెమరీ మీద అది అలైన్‌మెంట్ సరిగ్గా ఉన్నా సరే ఫాల్ట్ ఇస్తుంది. కెర్నెల్ లోపల ఐఓరీమ్యాప్ చేసిన (కెర్నెల్ తన కోసం మ్యాప్ చేసుకున్న) డివైస్ అడ్రస్ మీద మెమ్‌సెట్ పిలిచినవాళ్లకు ఈఎస్‌ఆర్ (ఫాల్ట్ కారణం చెప్పే రిజిస్టర్) విలువ హెక్స్‌లో 96000061 అని కనిపిస్తుంది. చివరి 21 అలైన్‌మెంట్ ఫాల్ట్, దానికి 40 కలిసి 61 అయిందంటే రాస్తుండగా జరిగింది. చివర 10 ఉంటే కథ వేరు. అది ఎక్స్‌టర్నల్ అబార్ట్, అంటే అవతల డివైసే జవాబు ఇవ్వలేదు. ఈ రెండు అంకెలు కంఠతా వస్తే సగం లాగ్‌లు చూడగానే తెలిసిపోతాయి.

కాబట్టి యూజర్ ప్రోగ్రామ్‌లో రిజిస్టర్ల మీద మెమ్‌కాపీ, మెమ్‌సెట్, స్ట్రక్చర్‌కి స్ట్రక్చర్ అసైన్ చేయడం, మూడూ తీసేయండి. మూడోదాన్ని మర్చిపోతారు, అందుకే ప్రత్యేకంగా చెప్తున్నా. సమానం గుర్తు ఒకటే కనిపిస్తుంది గానీ, కంపైలర్ దాన్ని తనకు నచ్చిన వెడల్పులో విరగ్గొడుతుంది. 32-బిట్ వోలటైల్ పాయింటర్‌తో ఒక్కో రిజిస్టర్ రాసే చిన్న లూప్ పెట్టుకోండి. కెర్నెల్ వైపు అయితే ఈ పనికి రీడ్-ఎల్, రైట్-ఎల్, మెమ్‌కాపీ-టు-ఐఓ అనే ఫంక్షన్లు ఉన్నాయి. డ్రైవర్‌ని మేక్‌లో సీ=1 పెట్టి స్పార్స్ అనే తనిఖీ పనిముట్టుతో ఒకసారి కంపైల్ చేస్తే, ఐఓమెమ్ (డివైస్ మెమరీ) గుర్తు ఉన్న పాయింటర్‌ని మామూలు పాయింటర్‌గా వాడిన ప్రతిచోటా అదే వార్నింగ్ ఇస్తుంది.

ఎఫ్‌పీజీఏలో రిజిస్టర్లు కాకుండా పెద్ద డేటా బఫర్ కూడా ఉంటే దాన్ని వేరే మ్యాపింగ్‌గా రైట్-కంబైన్‌తో (రైట్‌లను పోగుచేసి పంపే రకం) ఇవ్వండి. ఆర్మ్64లో అది క్యాష్ కాని మామూలు మెమరీ, అక్కడ అలైన్‌మెంట్ గొడవ లేదు, మెమ్‌కాపీ హాయిగా నడుస్తుంది. ఒక్క షరతు. బఫర్ నింపాక "మొదలుపెట్టు" రిజిస్టర్ రాసే ముందు బ్యారియర్ (ముందు రైట్‌లు చేరాకే తర్వాతివి వెళ్లేలా ఆపే ఇన్‌స్ట్రక్షన్) తప్పనిసరి, లేకపోతే గంట ముందు మోగి సరుకు తర్వాత చేరుతుంది. కెర్నెల్ రైట్-ఎల్‌లో ఆ బ్యారియర్ లోపలే ఉంది, రిలాక్స్‌డ్ రకంలో లేదు. యూజర్ ప్రోగ్రామ్‌లో మీరే పెట్టుకోవాలి. కంపైలర్ ఇచ్చే మామూలు బ్యారియర్ కోర్‌ల మధ్య వరుస కోసం పుట్టింది, డివైస్ దాకా చేరే ఔటర్ షేరబుల్ రకం వాడండి.

ఇప్పుడు ఆడిట్ వాళ్ల లైన్‌కి వద్దాం.

మీ ఫంక్షన్ చేస్తున్నది ఇంతే: యూజర్ ఇచ్చిన ఆఫ్‌సెట్‌ని బేస్ అడ్రస్‌కి కలిపి, యూజర్ అడిగినంత పొడవు మ్యాప్ చేసి ఇవ్వడం. మణికొండలో 200 గజాల ప్లాటు అమ్ముతూ, డాక్యుమెంట్‌లో విస్తీర్ణం, చతుస్సీమలు కొనేవాడినే రాసుకోమని పెన్ను చేతికిచ్చి, కింద కళ్లు మూసుకుని సంతకం పెట్టినట్టు. అతను 200కి బదులు 2000 రాసుకుంటే పక్క ప్లాట్లు, వెనక చెరువు శిఖం కూడా అతనివే. రీమ్యాప్-పీఎఫ్‌ఎన్-రేంజ్ అడ్డుపడుతుందని చాలామంది అనుకుంటారు. పడదు. హద్దులు నువ్వు చూసుకునే ఉంటావని అది డ్రైవర్‌ని నమ్ముతుంది. మీ ఎఫ్‌పీజీఏ బేస్ తర్వాతో ముందో అడ్రస్‌లలో ర్యామ్ ఉంటే, ఆ డివైస్ ఫైల్ తెరవగలిగిన ఏ ప్రోగ్రామైనా కెర్నెల్ మెమరీని చదవగలదు, రాయగలదు. రూట్ పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2012 డిసెంబరులో శాంసంగ్ ఎక్సినాస్ 4 చిప్పుల ఫోన్లలో సరిగ్గా ఇదే బయటపడింది. ఎక్సినాస్-మెమ్ అనే డివైస్ ఫైల్ ఉండేది, దానికి చదవడానికీ రాయడానికీ అందరికీ పర్మిషన్, ఎమ్‌మ్యాప్‌తో ఫిజికల్ మెమరీ మొత్తం అందేది. గెలాక్సీ ఎస్3, నోట్ 2 లాంటి ఫోన్లలో ఏ మామూలు యాప్ అయినా రూట్ అయిపోగలిగేది. మీ యూడెవ్ రూల్‌లో (డివైస్ ఫైల్ పర్మిషన్లు పెట్టేది) 0666, అంటే చదవడానికీ రాయడానికీ అందరికీ పర్మిషన్, ఉందని ప్రశ్నలోనే రాశారు. దాన్ని ఈ పక్కన పెట్టి చూడండి, ఆడిట్ వాళ్ల కోపం అర్థమవుతుంది.

పరీక్ష చాలా సులువు. పది లైన్ల ప్రోగ్రామ్ రాసి, రూట్ కాని యూజర్‌గా, ఆఫ్‌సెట్ 65536 ఇచ్చి 4096 బైట్లు మ్యాప్ అడగండి. మీ ప్రాంతం 64 కేబీ, కాబట్టి అది హద్దు దాటిన మొదటి పేజీ. ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని తిరస్కరించాలి. పాయింటర్ చేతికొస్తే మీ ఆడిట్ రిపోర్టు అక్షరాలా నిజం. ఆ పాయింటర్‌ని చదవకండి, మ్యాప్ అయిందా లేదా అన్నది చాలు. అక్కడ ఏముందో తెలియకుండా చదివితే బోర్డు మళ్లీ పడుతుంది, మీరు మళ్లీ ఎస్‌ఎర్రర్ వెంట పరుగెడతారు.

సరిచేసేటప్పుడు అందరూ మొదట రాసే చెక్ ఇలా ఉంటుంది: ఆఫ్‌సెట్, పొడవు కలిపితే మొత్తం సైజుకన్నా ఎక్కువైతే తిరస్కరించు. చూడ్డానికి బాగానే ఉంది. 64-బిట్ లెక్కలో ఆఫ్‌సెట్‌ని గరిష్ఠానికి 4096 బైట్లు తక్కువలో పెట్టి, పొడవు 8192 అడిగితే కూడిక చుట్టు తిరిగి 4096 అవుతుంది. 65536 కన్నా తక్కువే కదా, చెక్ పాస్. కానీ ఆ ఆఫ్‌సెట్‌ని బేస్‌కి కలిపితే అదీ చుట్టు తిరిగి, మ్యాపింగ్ మీ బేస్‌కి ఒక పేజీ ముందు నుంచి మొదలవుతుంది. డిస్‌ప్లేలింక్ అడాప్టర్ల యూడీఎల్ డ్రైవర్‌లో అచ్చం ఇలాంటి కూడిక 3.4 కెర్నెల్ నుంచి 4.15 దాకా ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. 2018లో బయటపడింది. అదే ఏడాది కెర్నెల్‌లో ఎమ్‌మ్యాప్ ముఖద్వారం దగ్గరే ఇలా చుట్టు తిరిగే ఆఫ్‌సెట్‌లను ఆపే తనిఖీ పెట్టారు. బగ్గులున్న డ్రైవర్లతో విసిగిపోయామన్న ధోరణిలో అక్కడో కామెంట్ కూడా ఉంది, తీరిక ఉన్నప్పుడు చదవండి. అయితే మీలాగా చెక్కే లేని డ్రైవర్‌ని ఆ తనిఖీ కాపాడదు.

సరైన చెక్ కూడికతో కాదు, తీసివేతతో రాయాలి. ముందు ఆఫ్‌సెట్ మొత్తాన్ని దాటిందా చూడు, దాటకపోతే మొత్తంలోంచి ఆఫ్‌సెట్ తీసేసి మిగిలినదానికన్నా పొడవు ఎక్కువా చూడు. ఇది కూడా మీరు రాయక్కర్లేదు. 2013 నుంచి వీఎం-ఐఓమ్యాప్-మెమరీ అనే ఫంక్షన్ ఉంది, డివైస్ అడ్రస్, సైజు ఇస్తే ఈ లెక్కలన్నీ తనే చూసుకుని మ్యాప్ చేస్తుంది. నాన్‌క్యాష్డ్ లైన్ మాత్రం దానికన్నా ముందు మీరే పెట్టాలి. మీ ఐదు లైన్లు రెండు లైన్లు అవుతాయి.

మార్చాక ప్రోక్‌లో (కెర్నెల్ సమాచారం ఫైళ్లుగా కనిపించే చోటు) మీ ప్రాసెస్ ఎస్‌మ్యాప్స్ ఫైల్ తెరిచి, ఆ మ్యాపింగ్ కింద వీఎం ఫ్లాగ్స్ వరుస చూడండి. పీఎఫ్, ఐఓ, డీఈ, డీడీ అని రెండక్షరాల గుర్తులు ఉండాలి. డీఈ అంటే ఎమ్‌రీమ్యాప్‌తో పొడవు పెంచుకోనివ్వదు, డీడీ అంటే కోర్ డంప్‌లోకి లాగదు. ఐఓ, డీడీ గుర్తులు ఉంటే ప్రోగ్రామ్ చచ్చినప్పుడు కోర్ డంప్ రాసే కోడ్ మీ ఫైఫోల జోలికి రాదు. కెర్నెల్ వైపు మ్యాపింగ్‌లకు వీమాలాక్‌ఇన్ఫో ఫైల్ ఉంది, ఏ ఫంక్షన్ ఏ ఫిజికల్ అడ్రస్‌ని ఐఓరీమ్యాప్ చేసిందో అక్కడ కనిపిస్తుంది. అందులో 4096 అడిగితే 8192 కనిపిస్తుంది, కంగారు పడకండి, వెనక ఒక గార్డ్ పేజీ కలుస్తుంది. అన్నట్టు, కేఏశాన్ (కెర్నెల్‌లో మెమరీ తప్పులు పట్టే పనిముట్టు) ఆన్ చేశాను, ఏమీ చెప్పలేదు అన్నారు. చెప్పదు. అది కాపలా కాసేది కెర్నెల్ కేటాయించిన మెమరీకి, యూజర్ ప్రోగ్రామ్ తన పేజీ టేబుల్ ద్వారా చేసే యాక్సెస్‌లు దాని కంటికే కనిపించవు. డివైస్ యాక్సెస్‌లను రికార్డ్ చేసే ఎమ్‌ఎమ్‌ఐఓట్రేస్ మంచి పనిముట్టే, కానీ ఎక్స్86కే.

హద్దులన్నీ చూసినా ఇంకో చోట దెబ్బ తగులుతుంది, దానికి నా సొంత అనుభవం ఉంది. కొన్నేళ్ల కింద బాలానగర్ వైపు ఒక చిన్న కంపెనీకి కంట్రోలర్ బోర్డు చేశాం. ఆపరేటర్ స్క్రీన్ మీద "రీసెట్" నొక్కి మోటార్ స్టార్ట్ చేస్తే, కొన్నిసార్లు బోర్డు మొత్తం రీబూట్ అయ్యేది. మోటార్ ఎత్తుకునేటప్పుడు వోల్టేజీ పడిపోతోందని అందరం ఒక్కమాటగా తేల్చేశాం. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి రెండు రకాల ఎస్‌ఎంపీఎస్‌లు (పవర్ సప్లైలు), సంచి నిండా కెపాసిటర్లు తెచ్చాం. మూడు వారాలు మార్చి మార్చి చూశాం. చివరికి అక్కడ వైరింగ్ చేసే కుర్రాడు అన్నాడు: "అన్నా, కరెంట్ వడిపోతే ఈ ఎల్‌ఈడీ గూడ ఆరాలె గదనే. అది ఆరుతనే లేదు, లోపట నీ లినక్సే మల్లా లేస్తుంది." సిగ్గేసింది. రీసెట్ కారణం చెప్పే రిజిస్టర్ చదివితే వాచ్‌డాగ్ (సిస్టం స్పందించకపోతే రీసెట్ చేసే టైమర్) అని ఉంది. మొదటి రోజే చదవాల్సింది.

జరిగింది ఇది. మా డివైస్ రిజిస్టర్లు హెక్స్ 40010400 దగ్గర, 256 బైట్లు. మ్యాపింగ్ మాత్రం పేజీల్లోనే జరుగుతుంది, కాబట్టి 40010000 నుంచి 4 కేబీ మొత్తం యూజర్ ప్రోగ్రామ్‌కి వచ్చేసింది. అదే పేజీలో, హెక్స్ 700 దగ్గర, వాచ్‌డాగ్ ఉంది. మా ప్రోగ్రామ్‌లో రీసెట్ నొక్కితే రిజిస్టర్లన్నీ సున్నా చేసే లూప్ ఒకటి. 256 బైట్లు అనాల్సిన చోట 256 సార్లు, ఒక్కోసారి నాలుగు బైట్లు. అంటే 1024 బైట్లు. 400 దగ్గర మొదలై 7ఎఫ్‌ఎఫ్ దాకా తుడుచుకుంటూ పోయింది. పేజీ దాటలేదు కాబట్టి సెగ్మెంటేషన్ ఫాల్ట్ లేదు, దారిలో వాచ్‌డాగ్ టైమర్ సున్నా అయింది, బోర్డు రీసెట్. మోటార్ పాపం నిర్దోషి.

వీఎం-ఐఓమ్యాప్-మెమరీ కూడా ఇక్కడ ఆదుకోదు. పేజీ మధ్యలో మొదలయ్యే డివైస్ ఇస్తే అది పేజీ అంచుల దాకా సర్దుకుని మ్యాప్ చేస్తుంది. యూఐఓ (యూజర్ ప్రోగ్రామ్‌లకు డివైస్‌లను అందించే లినక్స్ రెడీమేడ్ వ్యవస్థ) ఈ విషయంలో నయం, మొదలు అడ్రస్ పేజీ హద్దు మీద లేకపోతే అసలు ఒప్పుకోదు. మీ 64 కేబీ బహుశా సరిగ్గానే కూర్చుని ఉంటుంది, అయినా రూట్‌గా ప్రోక్‌లోని ఐఓమెమ్ చూడండి. రూట్ కాకపోతే అన్నీ సున్నాలే కనిపిస్తాయి. ఒకే పేజీలో మీ పొరుగువాళ్లెవరో తేల్చుకోండి. రేపు ఎవరైనా 64 కేబీ పేజీలతో కెర్నెల్ బిల్డ్ చేస్తే పొరుగు ఇంకా పెద్దదవుతుందని గుర్తుంచుకోండి.

పవర్ గురించి ఒక మాట, మీ ఎస్‌ఎర్రర్‌లలో కొన్ని దీనివల్ల కూడా కావచ్చు. యూజర్ ప్రోగ్రామ్ మ్యాపింగ్ ద్వారా రిజిస్టర్ ముట్టుకుంటే కెర్నెల్‌కి కబురు అందదు. ఎవరూ వాడట్లేదనుకుని రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ క్లాక్ ఆపేస్తే, తర్వాతి యాక్సెస్‌కి అవతల జవాబిచ్చేవాడు ఉండడు. ఓపెన్‌లో పీఎం-రన్‌టైమ్-రిజ్యూమ్-అండ్-గెట్, రిలీజ్‌లో పుట్ పెట్టండి. ప్రోగ్రామ్ ఫైల్ క్లోజ్ చేసినా మ్యాపింగ్ బతికున్నంతసేపు రిలీజ్ పిలవబడదు కాబట్టి ఇది సరిపోతుంది. ఎఫ్‌పీజీఏని నడుస్తుండగానే రీప్రోగ్రామ్ చేస్తున్నారా? చేస్తుంటే ముందు అన్‌మ్యాప్-మ్యాపింగ్-రేంజ్‌తో యూజర్ మ్యాపింగ్‌లు పీకేయాలి, అప్పుడు ప్రోగ్రామ్ ఒక్కటే చస్తుంది, బోర్డు బతుకుతుంది.

చివర్లో చెప్తానన్న అనుమానం ఇది. మీ ఎఫ్‌పీజీఏ డిజైన్‌లో డీఎంఏ ఇంజిన్ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా ర్యామ్‌ని చదివి రాసేది) ఉందా? ఉండి, దాని సోర్స్, డెస్టినేషన్ అడ్రస్ రిజిస్టర్లు కూడా ఈ 64 కేబీలోనే ఉంటే, పైన చెప్పిన హద్దుల చెక్‌లన్నీ అక్షరం తప్పకుండా పెట్టినా ఆడిట్ వాళ్ల లైన్ అలాగే నిలబడుతుంది. యూజర్ ప్రోగ్రామ్ తాను ముట్టుకోలేని ర్యామ్ అడ్రస్‌ని ఆ రిజిస్టర్‌లో రాసి, ఎఫ్‌పీజీఏ చేత చదివించుకుంటుంది. పేజీ టేబుల్ కాపలా ప్రాసెసర్‌కే, డివైస్‌కి కాదు. డివైస్‌కి కాపలా ఎస్‌ఎంఎంయూ (డివైస్‌ల అడ్రస్‌లకు ఉండే పేజీ టేబుల్ యూనిట్), అదీ ఎఫ్‌పీజీఏ వైపు దారిలో ఉండి, ఆన్ చేసి ఉంటేనే. ఉంటే లినక్స్‌లోని వీఎఫ్‌ఐఓ అనే వ్యవస్థకి మారండి, అది ఈ పని కోసమే పుట్టింది. లేకపోతే డీఎంఏ రిజిస్టర్లను వేరే పేజీలోకి జరపమని మీ ఎఫ్‌పీజీఏ టీమ్‌ని అడగండి, ఆ పేజీని మ్యాప్ చేయకుండా ఐఆక్టల్ (డ్రైవర్‌కి ఆదేశం పంపే సిస్టమ్ కాల్) ద్వారా డ్రైవరే రాయాలి. ఆర్‌టీఎల్‌లో (ఎఫ్‌పీజీఏ సర్క్యూట్ కోడ్) ఒక అడ్రస్ డీకోడర్ మార్పు అది. వాళ్లు ముందు కుదరదంటారు, బల్లకు అటువైపు కూర్చుని రెండు కాఫీలు తాగితే కుదురుతుంది.

డ్రైవర్‌ని రస్ట్ భాషలో తిరగరాస్తే ఇవన్నీ పోతాయా అని కూడా అడిగారు. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 నుంచి కెర్నెల్‌లో రస్ట్ ఉంది, డ్రైవర్ లోపల రిజిస్టర్ హద్దు దాటడం లాంటివి కంపైల్ టైమ్‌లోనే పట్టుకోవచ్చు. కానీ యూజర్‌కి పేజీ అప్పజెప్పాక అవతల ఏ భాషలో రాశారో పేజీ టేబుల్‌కి తెలియదు. ఇప్పుడున్న సీ కోడ్‌నే సరిచేయండి.

అసలు మీకు ఎమ్‌మ్యాప్ అవసరమా అన్నది కూడా ఆలోచించండి. సెకనుకు వంద రిజిస్టర్ రైట్‌లు చేసే ప్రోగ్రామ్‌కి ఐఆక్టల్ చాలు, తేడా కొలిచినా కనిపించదు. మైక్రోసెకన్ల లెక్కలో పని ఉంటేనే ఈ తలనొప్పికి విలువ.

డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాల ఫైల్) ఈ ఎఫ్‌పీజీఏ నోడ్‌లోని రెగ్ లైన్, ఎస్‌మ్యాప్స్‌లో ఆ ఫ్లాగుల వరుస, బస్ ఎర్రర్ వచ్చినప్పటి మెసేజ్ పొడవు, ఈ మూడూ పెట్టండి. డీఎంఏ ఉందో లేదో కూడా. శనివారం కూర్చుని చూస్తాను.